తాళం తెంపిన చెయ్యి

“నువ్వు తిరిగొచ్చేదాకా నీ పెట్టె ఎవరూ ముట్టరు” అని చాలా ఏళ్ళ కిందట ఒక పెద్దమనిషి మాటిచ్చాడు. ఆ మాట నమ్మిన మా పక్క క్వార్టరు అమ్మాయి మొన్న మంగళవారం ఉదయం ఆసుపత్రిలో పోయింది. అమ్మాయి అంటున్నాను గానీ అరవై దాటిన మనిషి. హిందీ ప్రాంతంలో ఉన్న మా స్టీలు ఊళ్ళో పవర్ హౌస్ పేట నుంచి కోహ్కా పేట దాకా ఎన్నో ఇళ్ళలో పిల్లలకి ఆమె బయాలజీ మేడమ్. నాకు మాత్రం మా ఫోర్‌మన్ కూతురు. నన్ను బాబాయ్ అని పిలిచేది.

నేను స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయినవాణ్ణి. మా దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. కన్వేయర్ బెల్టు మీద మనిషి ఎక్కి పని చేస్తున్నప్పుడు దాని స్విచ్చికి తాళం వేసి, ఎర్ర ట్యాగు మీద పేరు రాసి కడతాడు. తాళంచెవి అతని జేబులోనే ఉంటుంది. వేసినవాడే వచ్చి తియ్యాలి. ఎంత పెద్ద ఆఫీసరొచ్చి అరిచినా ఇంకొకడు చెయ్యి పెట్టడు. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలకి ఇది వంటింట్లోనే తెలిసిపోతుంది. మొగుడు భోజనానికి రాకపోతే “ఇంకా తాళం తియ్యలేదు కాబోలు” అని ఆడవాళ్ళు గిన్నెల మీద మూతలు పెట్టేవారు.

ఆమె దక్షిణాదిన ఒక పెద్ద ఊళ్ళో పరిశోధనకి చేరింది. మొదటి సెలవులకొచ్చి మా వరండాలో కూర్చుంది. నేను ఏవేవో పుస్తకాలు చదివినవాణ్ణే గానీ ఆమె చదువు నాకు అంతుపట్టలేదు.

“కైనేజ్ అంటే ఏటమ్మా?”

“స్విచ్చి బాబాయ్. అదీ ప్రోటీనే. కణం లోపల ఇంకో ప్రోటీనుకి చిన్న ఫాస్ఫేటు ముక్క తగిలిస్తాది. అది తగిలితే రెండోది లేస్తాది, మూడోదాన్ని లేపుతాది. పెరుగు, రెండుగా చీలు అన్న కబురు అలగ లోపలికంటా పోతాది.”

“మరి ఆపీదెవరు?”

“హమ్మయ్య, మా గైడు కన్నా నువ్వే నయం. ఆయన ఆ మాటే అడగడు.”

కణంలో కైనేజ్ ఎంత ఉందో కొలవమన్నాడట గైడు. ఈమె దాని పక్కన ఎవరు కూర్చున్నారో చూసింది. యాంటీబాడీ అనే కొక్కెంతో కైనేజ్‌ని బయటికి లాగితే, దాన్ని పట్టుకుని ఉన్నవి కూడా వెంట వస్తాయి. ప్రతిసారీ ఒక ప్రోటీను వెంట వచ్చింది. గైడు అది మురికన్నాడు, ముందు కడగడం నేర్చుకోమన్నాడు.

“ఉప్పునీళ్ళు చిక్కన చేసి మరీ కడిగినాను బాబాయ్. మురికైతే పోవాలి కదా? చెయ్యి వదల్లేదు. ఆ ప్రోటీను లేని కణాల్లో కైనేజ్ ఆగనే ఆగదు, అలగ కబురు కొడతానే ఉంటాది. అది మురికి కాదు. మన తాళం!”

అప్పుడు ఆమె మొహం చూడాల్సింది. వెళ్ళేముందు నా దగ్గర పాత ఇత్తడి తాళం, ఒక ఎర్ర ట్యాగు అడిగి పట్టుకెళ్ళింది. ల్యాబు ఫ్రీజర్లో కణాలు దాచే పెట్టెలు తారుమారు చేసేస్తున్నారట.

ఏడాది తిరగకుండా వాళ్ళ నాన్న క్రేను నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తల్లి అంతకుముందే లేదు. ఆ కణాలున్న పెట్టెకి తాళం వేసి, ట్యాగు మీద పేరు రాసి, గైడు చేత మాట తీసుకుని వచ్చింది. ఆ నెలలన్నీ తండ్రికి స్నానాలు చేయిస్తూ నిశ్చింతగా ఉంది. పెట్టె గురించి అడిగితే నవ్వేది. “ట్యాగుంది కదా బాబాయ్. ఎవరు తీస్తారు?”

మా ఊరివాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటది. ఆ కట్టుబాటు తెలియని చోట ఎర్ర ట్యాగు ఒట్టి అట్టముక్క.

తండ్రి కర్రల మీద లేచాక తిరిగి వెళ్ళింది. తాళం తెగి సొరుగులో పడుంది. కొత్తగా చేరినవాడి సీసాలకి చోటు కావాల్సొచ్చి పెట్టెలోవి పారేయించారట. “అందులో ఉన్నది మురికే కదా” అన్నాడట గైడు. ఆ కణాలు మళ్ళీ దొరికేవి కావు. తెగిన తాళం, ట్యాగు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను టికెట్టు తీసుకుంటాను, ఆ మనిషిని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తానన్నాను.

“వద్దు బాబాయ్. నీ నోట ఆ పేరు రాకూడదు. పేరెత్తితే అది ఆయన కథ అయిపోద్ది. నా పని కథ ఉండదు.”

అలా నా నోటికి తాళం వేసింది. ఇన్నేళ్ళూ నేను దాన్ని ముట్టలేదు.

తర్వాత ఇక్కడే బళ్ళో చేరింది. ఓసారి ఆమె పాఠం గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. చరోదా నుంచొచ్చే పిల్ల, రైల్వే ఉద్యోగి కూతురు ఒకతి లేచింది. “మేడమ్, తాళం ఊడిపోతే కైనేజ్ పాగల్ అయిపోద్దా?” క్లాసంతా ఘొల్లుమంది. “మీ నాన్ననడుగు,” అందీమె. “సిగ్నల్ ఇవ్వడం ఎంతసేపే! ఎప్పుడు ఆపాలో తెలిసినోడి వల్లే బండి పట్టాల మీదుంటాది.”

ఆ ప్రోటీను తాళాన్ని తర్వాత ఎక్కడో దూరదేశంలో ఇంకెవరో కనిపెట్టారు. అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాక, మా ప్రయోగశాల దీన్ని ముందే చూసిందని గైడు పత్రికలో చెప్పుకున్నాడు. నేను పత్రిక విసిరికొట్టాను. ఆమె దాన్ని తీసి మడతపెట్టింది. “కణానికి ఎప్పుడో తెల్సు బాబాయ్. మనమేటి మొదట?”

చివరికి ఆమె ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సరు కూడా ఆగని కైనేజ్‌దే. మాత్ర అరచేతిలో పెట్టుకుని చూపించింది. “ఇది బయటి తాళం. కొన్నాళ్ళు పట్టుకుంటాది.” అన్నట్టే కొన్నాళ్ళు పట్టుకుంది. తర్వాత ఆ కణాలు ఇంకో దారి చూసుకున్నాయి. అన్నీ తెలిసి పోవడం కన్నా ఏమీ తెలియకుండా పోవడమే నయమనిపించింది నాకు. చదువు ఆమెని ఎక్కడా కాపాడలేదు, మంచితనం అసలే కాపాడలేదు.

ఆదివారం సంతాపసభలో గైడు పంపిన సందేశం చదివారు. తన శిష్యుల్లో చురుకైనదట, కుటుంబ బాధ్యతల వల్ల పరిశోధన తానే వదులుకుందట. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె బతుకు గురించి మిగలబోయేది ఆ ఒక్క వాక్యమేనని అక్కడ కూర్చున్న నాకు అర్థమైంది.

అందుకే ఆమె పని కథ ముందు చెప్పాను.

ప్లాంటులో తాళం వేసిన మనిషి ఇక రాలేడని తేలితే, సెక్షన్లో పెద్దవాడు లోపలికెళ్ళి, ఎవరూ లేరని చూసుకుని, నలుగురి ముందు తాళం తీస్తాడు. ఈ వీధిలో ఇప్పుడు పెద్దవాణ్ణి నేనే. నిన్న పక్క క్వార్టర్లోకి వెళ్ళి గదులన్నీ చూసొచ్చాను. లోపల ఎవరూ లేరు. తెగిన తాళం నా బల్ల మీదుంది. ట్యాగు మీద ఆమె పేరు వెలిసిపోయి, మొదటి అక్షరం మాత్రం కనిపిస్తోంది. ఆ తాళం తెంపించినవాడు ప్రొఫెసర్ నీలాద్రిరావు.