హార్లన్ నిలబడే మూల

హార్లన్ చేసిన చివరి పని, భార్య కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకడం. గీకుతున్నంతసేపూ, దేశాధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున పోటీపడాలనుకుంటున్నవాళ్ళను తూకం వేస్తూనే ఉన్నాడు.

"సెనేటరమ్మ చురుకైందే. కానీ ఆస్పత్రి ఖర్చుల మాటెత్తితే నవ్వేసి తప్పించుకుంది. గవర్నరుకి రైతు బాధ తెలుసు, మాట మీదే నిలబడడు."

"ఇంతకీ సమావేశంలో ఎవరి మూలకి పోతావయ్యా?" అంది మార్లిస్.

"బడికెళ్ళాక చూద్దాంలే."

ఆ మధ్యాహ్నమే అతని గుండె ఆగిపోయింది.

పార్టీ అభ్యర్థి ఎంపిక సమావేశం రోజున మార్లిస్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీకి సెలవు పెట్టింది. ఆ డ్యూటీ వల్ల ఆమె అంతకుముందెన్నడూ ఆ సమావేశానికి వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్ళింది, అతను ఉంటే ఎక్కడ నిలబడేవాడో అక్కడ నిలబడదామని. అయోవా రాష్ట్రంలో వాళ్ళ పార్టీవాళ్ళు ఓటు చీటీలు వేయరు. బడి ఆటలగదిలో, నచ్చిన అభ్యర్థికి కేటాయించిన మూలకు చేరితే తలలు లెక్కపెడతారు.

ఆమె సెనేటర్ మూలకు వెళ్ళింది. మనసొప్పక గవర్నర్ మూలకు నడిచింది. మళ్ళీ వెనక్కి తిరిగింది.

"కాలు నిలవదేంటి వదినా? ఇటు రా, మా దగ్గర కాఫీ కూడా ఉంది!" అని గవర్నర్ గుంపులోంచి పొరుగింటి డ్వేన్ కేకేశాడు. ఇంతలో లెక్క మొదలైంది. ఆమె సెనేటర్ మూలలోనే ఉండిపోయింది. తలుపు పక్కన, మరో అభ్యర్థి అయిన ఒక మేయర్ మూలలో ఇద్దరే ఉన్నారు.

మెట్లు దిగుతుంటే డ్వేన్ అన్నాడు: "హార్లన్ ఎంత తూకం వేసినా, చివరికి జనం తక్కువున్న చోటికే పోయేవాడు వదినా. వాళ్ళూ చలిలో వచ్చినోళ్ళే కదా అనేవాడు."