సీసాలో చెరువు

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నీళ్ళ పరీక్ష ఫారంలో 'ఇన్ సిటు' అన్న గడి చూపించి, "అంటే ఏంటండీ మేడం?" అంది. పొద్దున్నుంచి ఇది నాలుగో చేపల చెరువు. నా నడుం పట్టేసింది.

"లాటిన్ మాటమ్మా. ఉన్నచోటే చూడడం. తవ్వకాలవాళ్ళకైనా, డాక్టర్లకైనా, మనకైనా అర్థం ఒకటే."

ఆక్సిజన్ మీటరు నీళ్ళలోకి దించబోతుంటే నాచు వాసన గుప్పుమంది.

ముదినేపల్లి దగ్గర మాకూ ఓ చేపల చెరువుండేది. నాన్న రోజూ తెల్లారకముందే వెళ్ళి, నీళ్ళు దోసిట పట్టి వాసన చూసేవారు. ఓసారి ఆయనకి జ్వరమొచ్చింది. పాపం, లేవక్కర్లేకుండా నేనే పరుగెత్తి, ఆ నీళ్ళు సీసాలో పట్టి మంచం దగ్గరికి తెచ్చాను.

నాన్న నీరసంగా నవ్వారు. "చెరువుని చెరువు దగ్గరే చూడాలమ్మా," అంటూ దుప్పటి కప్పుకుని లేచారు. నేను తెచ్చిన నీళ్ళు నమ్మలేదని ఉడుక్కుంటూ వెనకే నడిచాను.

గట్టెక్కి చూస్తే, చేపలన్నీ పైకి తేలి గాలి కోసం నోళ్ళు తెరుస్తున్నాయి. నాన్న వణుకుతూనే ఇంజను వేసి, కొత్తనీళ్ళు పెట్టారు. చాలామటుకు బతికాయి.

"ఇందాక నువ్వొచ్చినప్పుడూ ఇలాగే ఉన్నాయా అమ్మా?"

ఉన్నాయి. ఆడుకుంటున్నాయనుకున్నాను. అవి బెదరకుండా పక్కకి జరిగి మరీ సీసా ముంచాను.

"ఎండగా ఉందండీ, సీసాలో పట్టుకెళ్ళి ఆఫీసులో చూసేద్దామా?" అంటోంది అమ్మాయి. నాకూ ఓపిక లేదు. అయినా గట్టు మీద చతికిలబడి, ముందు చేపల్ని చూడమన్నాను.