తెల్లరంగు వేసిన ఇత్తడి వాల్వు

1998 నాటికి విశాఖపట్నంలో నేను ప్లంబర్‌గా పదిహేనేళ్ళు పనిచేసి ఉన్నాను. ఉక్కునగరం క్వార్టర్లలో కుళాయిలు బిగించడంతో మొదలుపెట్టి, సొంతంగా పనులు ఒప్పుకునే దాకా వచ్చాను. అనుభవం ఎంత ఉందో పొగరు అంతకు రెట్టింపు ఉండేది. చేసిన పొరపాట్లలో చాలావాటిని ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటాను. ఇది అలాంటిది కాదు.

ఆ పని నాకు ఇప్పించింది ఎర్రయ్య. జాలరిపేటలో ఉంటాడు, తెప్ప మీద వేటకు వెళ్తాడు. వాళ్ళ పేటలో పైపులు వేసినప్పుడు పరిచయమై, బావా బావా అని పిలుచుకునే దాకా వచ్చాం. ఒకరోజు వచ్చి, "బావా, పోర్టులో ఇంజనీరు సేసి రిటైరైన అయ్యగారొకరున్నారు. ఇంట్లో సముద్రం ఎట్టుకుంటారట. పైపుల పనికి నీ పేరు సెప్పీసినాను, ఎల్లు" అన్నాడు.

ఆయన మూర్తిగారు. తణుకు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కొండవాలు మీద ఇల్లు, కింద సెల్లార్. "ముప్పై ఏళ్ళు సముద్రం మీద ఓడల్నే చూశానయ్యా, లోపల ఏముందో ఇప్పుడు చూద్దామని" అంటూ హాల్లో పెట్టిన ఆరడుగుల గాజుతొట్టి చూపించారు.

సంప్ అంటే మన ఇళ్ళలో నేల కింద ఉండే నీళ్ళ తొట్టి. అక్వేరియం సంప్ కూడా దాదాపు అలాంటిదే. హాల్లోని తొట్టి అంచు దాటిన నీళ్ళు ఒక పైపులో సెల్లార్‌కు దిగుతాయి. అక్కడి సంప్‌లో వడకట్టుకుని, పంపు తోడితే ఇంకో పైపులో మళ్ళీ పైకెళ్తాయి. రోజంతా తిరిగేది అవే నీళ్ళు. మూర్తిగారు ఇదంతా కాగితం మీద గీసి, అడుగున ఎర్ర సిరాతో "లోహం వద్దు, అంతా పీవీసీయే" అని రాసి రెండు గీతలు కొట్టారు.

పని బాగానే సాగింది. పంపు పక్కన నీళ్ళు ఆపడానికి పెట్టాల్సిన వాల్వు దగ్గరే నా బుర్ర అడ్డం తిరిగింది. అప్పట్లో మాకు దొరికే ప్లాస్టిక్ వాల్వులు నాసిరకం, నాలుగుసార్లు తిప్పితే పిడి చేతికొచ్చేది. కాగితం మీద గీసేది ఇంజనీరు, నీళ్ళు కారితే తిట్లు తినేది నేను అనుకున్నాను. నా దగ్గరున్న మంచి బరువైన ఇత్తడి వాల్వు బిగించేశాను. ఆయనకు మేలే చేస్తున్నానని నా నమ్మకం. కానీ ఆయన కంటపడకుండా దాని మీద తెల్లరంగు కొట్టాను. మేలు చేసేవాడికి ఆ రంగుతో ఏం పని అని అప్పుడు నన్ను నేను అడగలేదు.

నీళ్ళు, జీవాలు తెచ్చేది ఎర్రయ్యే. గట్టు దగ్గర నీళ్ళు మురికని, తెప్ప మీద సముద్రం లోపలికి వెళ్ళి, కేన్లతో ముంచి తెచ్చేవాడు. సరదాకి ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. రాళ్ళ సందుల్లో దొరికే రొయ్యలు, శంఖంలో కాపురముండే చిన్న పీతలు, రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకునే జీవాలు, చారల చేపలు తెచ్చి తొట్టిలో వదిలాడు. మూర్తిగారు కుర్చీ అక్కడే వేయించుకుని, కాఫీ కూడా అక్కడే తాగేవారు.

మూడు వారాలకు రొయ్యలు చచ్చిపోయాయి. పువ్వుల్లా విచ్చుకున్నవి ముడుచుకుపోయి రాయి వదిలేశాయి. పీతలు శంఖాల్లోంచి బయటికొచ్చి ఇసుక మీద పడిపోయాయి. ఎర్రయ్య మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ పోయాయి. చివరికి మూర్తిగారు పైపులు చూడమని నాకు కబురు పెట్టారు.

సెల్లార్‌లోకి దిగి వాల్వును గుడ్డతో తుడిచాను. రంగు పొరలుగా ఊడి, గుడ్డకు పచ్చటి చిలుము అంటింది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు ఉంచకూడదని మా అమ్మ చెప్పగా వింటూ పెరిగినవాణ్ణి. ఉప్పునీళ్ళు ఇత్తడిని తింటాయని, ఆ విషాన్ని పంపు రోజంతా పైకి తోడుతోందని నాకు అక్కడే అర్థమైంది. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని పైకొచ్చాను.

హాల్లో మూర్తిగారి ఎదురుగా ఎర్రయ్య నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, కింద ఏమైనా కనిపించిందా?" అని ఆయన నన్ను అడిగారు.

"లేదండి, అంతా బాగానే ఉంది."

ఆయన ఎర్రయ్య వైపు తిరిగారు. "అయితే ఇక నీళ్ళేగా. నిజం చెప్పు, హార్బర్ పక్కనే ముంచేస్తున్నావా?"

"నేదయ్యా, లోపలికెల్లే తెత్తన్నాను. మా బావ ఓపాలి నాతో ఒచ్చినాడు, అడగండి."

ఇద్దరూ నా వైపు చూశారు. జేబులో గుడ్డ తడిగా తగులుతోంది.

"ఒక్కసారే వెళ్ళానండి. మిగతాసార్లు నాకు తెలీదు" అన్నాను.

అది అబద్ధం కాదు. కాకపోవడమే నాకు ఇంకా సిగ్గుగా ఉంది. ఎర్రయ్య ఖాళీ కేన్లు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మూర్తిగారు తొట్టి అంతా ఖాళీ చేయించి, ఇసుక, రాళ్ళు మార్పించి, ఇంకొకరి చేత నీళ్ళు తెప్పించారు. ఈలోగా నేను, వాల్వు దగ్గర కాస్త చెమ్మ వస్తోందండి అని చెప్పి, ఇత్తడిది పీకేసి ప్లాస్టిక్‌ది పెట్టాను. తప్పు దిద్దేశానని ఊపిరి పీల్చుకున్నాను. ఈసారి జీవాలన్నీ బతికాయి. నన్ను పిలిచి మరీ చూపించారు. "చూశావా, నీళ్ళు మారేసరికి ఎలా ఉన్నాయో. ఎంత మోసం చేశాడయ్యా వాడు" అన్నారు. నేను తల ఊపాను.

ఎర్రయ్య భార్య నూకాలమ్మ మూర్తిగారి వీధిలోనే గంపతో చేపలు అమ్మేది. మూర్తిగారి మాట ఇంటింటికీ పాకింది. మోసగాడి పెళ్ళాం దగ్గర కొనడమేంటని అందరూ తలుపు వేసుకున్నారు. ఆమె ఆ వీధికి రావడం మానేసింది. ఎర్రయ్య ఎదురుపడితే నేనే పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి.

2005లో జాలరిపేటలో కుళాయి లైను మార్చే పని పడింది. తప్పించుకోవాలని చూశాను, కుదరలేదు. ఎర్రయ్యే నన్ను చూసి, ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"ఆ దినం నువ్వు సెప్పింది నిజమే బావా" అని తనే ఎత్తుకున్నాడు. "నువ్వు ఒక్క పాలే ఒచ్చినావు. ఓ రోజు సముద్రం బాగోక నాలుగు కేన్లు గట్టు కాడే ముంచీసినాను. ఆటివల్లే పోయినాయి. సిన్నవైతే ఏటి, పేనాలు కదా. ఆయన ముద్దుగా సూసుకున్నారు. నా సేతుల్తో సంపీసినాను."

ఏడేళ్ళుగా నా తప్పును అతను తనదిగా మోస్తున్నాడు. టీ గ్లాసు కింద పెట్టేశాను.

"నీ నీళ్ళు కాదు బావా" అన్నాను. వాల్వు సంగతి, రంగు సంగతి, గుడ్డ సంగతి అన్నీ చెప్పాను.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"ఆ దినమే. నువ్వు నన్ను అడగకముందే."

తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. లోపలికి చూసి, "ఇలగ రాయే. ఈయనేటో సెప్తాడు, ఇను" అని భార్యను పిలిచాడు. మొత్తం మళ్ళీ మొదటి నుంచి, ఆమె ముఖం చూస్తూ చెప్పాల్సి వచ్చింది.

"నానే మా ఆయన్ని తిడతన్నాను బాబూ, ఇన్నేళ్ళూను" అంది నూకాలమ్మ. "ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడల్లా, నీళ్ళు కూడా సరిగ్గా ముంచలేవని అనీదాన్ని."

మర్నాడు మూర్తిగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. అంతా విని, చెప్పులేసుకుని, ఎర్రయ్య ఇల్లెక్కడో చూపించమన్నారు. ఆయన అక్కడికి వెళ్ళి క్షమించమని అడుగుతుంటే నేను వీధిలోనే నిలబడ్డాను. తర్వాత తన వీధిలోనూ ఇంటింటికీ తిరిగి ఆయనే చెప్పారు.

ఉప్పునీళ్ళ పనికి లోహం వాడొద్దని పని నేర్చుకునేవాళ్ళకు ఇప్పుడు చెబుతుంటాను. అది పుస్తకంలోనూ దొరుకుతుంది. నేను నేర్చుకున్నది వేరే. తప్పు ఒప్పుకోకుండా గుట్టుగా వాల్వు మార్చాను చూశారా, జీవాలు బతికింది దానివల్లే, ఎర్రయ్య దొంగ అని అందరూ నమ్మిందీ దానివల్లే. వాల్వు తప్పుగా బిగించినందుకన్నా, అలా సరిచేసినందుకే నాకు ఎక్కువ సిగ్గు.

మూర్తిగారి వీధివాళ్ళు నూకాలమ్మను రమ్మని రెండుసార్లు కబురు పెట్టారట. ఆమె వెళ్ళలేదు.