అవ్వ మోకాలికి మూడు కొటేషన్లు

చదివేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక ముసలామె మోకాలు, ఆమె బీడీలు చుట్టి దాచుకున్న డబ్బు, నా పరువు, మూడూ ఒకేరోజు గండంలో పడతాయి. మొదటి రెండూ బయటపడ్డాయి.

తొంభైలలో మాట. నేను భైంసాలో ఒక జిన్నింగు మిల్లులో స్టోర్సు గుమాస్తాను. పత్తి నుంచి గింజను విడదీసే యంత్రాలకు బేరింగులు, బెల్టులు, రోలర్లు కొనడం నా పని. మా సేటుది ఒకటే నియమం, మూడు కొటేషన్లు లేకుండా మేకు కూడా కొనకూడదు. మూడు చోట్ల నుంచి ధరలు రప్పించి, పెద్ద కాగితం మీద గీతలు గీసి, పక్కపక్కన రాసి, తక్కువ ధర చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాలి. ఆ సున్నా చుట్టడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని అందరూ అనుకుంటున్నారని నేను అనుకునేవాణ్ని. పత్తి తెచ్చిన రైతులు "గదే పత్తి, ఆయనకొక ధర, నాకొక ధర ఏంది?" అని కొట్లాడితే తేమ, పింజ పొడవు, చెత్త అంటూ అరగంటసేపు నచ్చజెప్పి పంపేది కూడా నేనే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు. నేనే గుర్తుపెట్టుకోలేదు.

మా అవ్వ, అంటే మా అమ్మ, నర్సవ్వ ముప్పై ఏళ్లు బీడీ కార్ఖానాలో నేల మీద కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టింది. వేళ్లకేమీ కాలేదు గానీ మోకాలు అరిగిపోయింది. గడప దాటాలన్నా కోడలి భుజం పట్టుకోవలసి వచ్చేసరికి అవ్వ ముఖం చిన్నబోయేది. "ఎవ్వలి భుజం పట్టకుంట ఒక్కపారి కార్ఖాన దాక నడిచిపోవాలెరా. నా జోడిదార్లందరు ఆడనే ఉన్నరు," అనేది. పని మానేసినప్పుడు వచ్చిన పీఎఫ్ డబ్బు ఆమె పెట్టెలో ముట్టుకోకుండా ఉంది.

నిర్మల్‌లో డాక్టరుకు చూపించాము. ఆయన పరీక్ష చేసి, "మోకాలి కీలు మార్చాలె. హైదరాబాదుల చేస్తరు," అన్నాడు.

"ఎంతయితది సార్?"

"గది ఒక్కతీరుగ ఉండదు. మనిషిని బట్టి, కీలును బట్టి, దవాఖానను బట్టి ఉంటది."

"అందాజుగ చెప్పున్రి."

"అందాజుగ చెప్తే నువ్వు గదే పట్టుకొని కూసుంటవు."

నాకు ఒళ్లు మండింది. ధర లేని వస్తువు ఈ లోకంలో ఉంటుందా? ఇంటికి రాగానే హైదరాబాదులోని మూడు ఆసుపత్రుల చిరునామాలు సంపాదించి, మూడింటికీ ఒకే ఉత్తరం టైపు చేశాను. "ఒక మోకాలు, పాతది తీసి కొత్తది బిగించి ఇచ్చుటకు మీ అతి తక్కువ ధర తెలుపగలరు. మా ఊరు చేర్చుటకు అయ్యే ఖర్చు కూడా విడిగా తెలుపగలరు." చివరి వాక్యం అలవాటు కొద్దీ పడింది.

జవాబులు వచ్చాయి. మొదటివాళ్లు నలభై ఎనిమిది వేలన్నారు. రెండోవాళ్లు లక్షా పది వేలన్నారు. మూడోవాళ్లు అంకె వేయలేదు. "మనిషిని చూడకుండా ధర చెప్పలేము. తీసుకురండి," అని ఒక్క ముక్క రాసి పంపారు. అడిగిన ప్రశ్నకు జవాబు రాయని పార్టీని కొట్టేయాలన్నది మా మిల్లు పద్ధతి. కొట్టేశాను.

ఒక మోకాలికి నలభై ఎనిమిది వేలేమిటి, ఇంకో మోకాలికి లక్షా పది వేలేమిటి? తలకెక్కలేదు. ఎస్టీడీ బూతుకు వెళ్లి రెండో ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది.

"కీలు దేశీదా, ఫారిన్‌దా?"

"మాది భైంసా అమ్మా."

"పేషెంట్ గురించి కాదు సార్, పెట్టే కీలు గురించి."

"రెండిట్ల తేడా ఏంది?"

"ధర."

"ధర గాక?"

"అది డాక్టరుగారు చెప్తరు. షేరింగ్ రూమా, సింగిల్ రూమా?"

"రూముకు, మోకాలికి ఏం సంబంధం?"

"సింగిల్ రూమయితే డాక్టరు ఫీజు గూడ పెరుగుతది."

"మోకాలు గదే గదా?"

"మోకాలు గదే సార్."

బూతు మీటరు నా గుండె కంటే వేగంగా కొట్టుకుంటోంది. ఫోన్ పెట్టేసి బయటికి వచ్చాను. లోపలికి వెళ్లేటప్పుడు నాకు ఒక సందేహం ఉండేది, వచ్చేటప్పటికి ఆరు ఉన్నాయి. ఆరింటినీ పక్కన పెట్టి, ఆ రాత్రి పద్నాలుగు గళ్లతో కాగితం తయారుచేశాను. మంచం, రోజులు, మత్తు, భోజనం, ఊరి నుంచి దూరం, అన్నీ రాశాను. నలభై ఎనిమిది వేల చుట్టూ చక్కటి ఎర్ర సున్నా చుట్టి నా భార్య సుగుణకు చూపించాను.

"గింత అగ్గువ ఎందుకున్నదో అడిగినవా?" అంది సుగుణ.

"అగ్గువున్నదాన్ని ఎందుకని అడుగుతరా? పిరమున్నదాన్ని అడుగుతరు."

సుగుణ కాగితం తిరిగి నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ఆమె అలా వెళ్లిందంటే ఆగి ఆలోచించాలని నాకు అప్పటికింకా తెలియదు.

అవ్వ పీఎఫ్ డబ్బు, నా చిట్టీ డబ్బు కలిపి అరవై వేలు నడుముకు కట్టుకుని, అవ్వను తీసుకుని హైదరాబాదు బస్సెక్కాను. మొదటి ఆసుపత్రిలో పది వేలు అడ్వాన్సు కట్టగానే ఆరు మంచాల వార్డులో చోటిచ్చారు. మర్నాడు పొద్దున కుర్ర డాక్టరు ఒకాయన వచ్చి, అవ్వను నవ్వుతూ పలకరించి, నావైపు తిరిగాడు.

"కీలు తెచ్చిండ్రా?"

"ఏ కీలు సార్?"

"మోకాల్ల పెట్టే కీలు. మేం చెప్పింది ఆపరేషన్ రేటు. కీలు పార్టీ తెచ్చుకోవాలె. ఉత్తరంల రాసినం గదా."

జేబులోంచి ఉత్తరం తీశాను. తిప్పి చూశాను. నిజంగానే వెనక పేజీలో రాసి ఉంది. కీలు, రక్తం, మందులు, అదనపు రోజులు, అన్నీ పార్టీవే. వాళ్ల తప్పు ఇంతైనా లేదు. ముందు పేజీతోనే నా గళ్లు నిండిపోవడంతో నేను కాగితం తిప్పనేలేదు.

ఎదురు రోడ్డులో ఆపరేషన్ సామాను అమ్మే దుకాణం ఉందంటే పరిగెత్తాను. దుకాణదారు మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. "ఇది నలభై, ఇది అరవై, ఇది ఎనభై," అన్నాడు. వేలల్లో.

"తేడా ఏంది?"

"ఇది ఇక్కడ తయారైంది. ఇది బయట దేశంది. ఇది గూడ బయటిదే, జర ఎక్కువ వంగుతది."

"ఎన్నేండ్లు నడుస్తది?"

"మనిషి నడిచినదాన్ని బట్టి."

"నాకు ఒకటే లెక్క చెప్పున్రి భాయ్."

"సైజు మీ డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్తడు. మీరు ఒక్కటి చెప్పున్రి. కుడిదా, ఎడమదా?"

"కుడికి, ఎడమకు అలగ్ అలగ్ ఉంటయా?"

"చెప్పులకు ఉండవా?"

పద్నాలుగు గళ్లూ కళ్లముందు తిరిగాయి. ఏ గడిలోనూ అది లేదు. ఇంట్లో అవ్వ ఎప్పుడూ నాకు ఎదురుగా కూర్చుని కాలు రుద్దుకుంటుంది. రుద్దుకునే కాలు నాకు ఎడమవైపు కనబడుతుంది. అంటే అవ్వకు కుడి. కాకపోతే ఒక్కోసారి అవ్వ గోడవైపు తిరిగి కూర్చుంటుంది. అప్పుడు ఎటు? దుకాణంలో ఒక స్టూలు మీద నేనే అవ్వలా కూర్చుని మోకాలు రుద్దుకుని చూశాను. లేచి ఎదురుగా నిలబడి చూశాను. మళ్లీ కూర్చున్నాను. కుడి, ఎడమ రెండూ కలిసిపోయాయి.

దుకాణదారు జాలిపడి, "ఒక్కపారి పోయి చూసిరాపోన్రి, దగ్గర్నే గదా," అన్నాడు.

వార్డుకు వచ్చేసరికి అవ్వ మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని, పక్క మంచాల ఆడవాళ్లతో ముచ్చట్లు పెట్టుకుంటోంది. సూటిగా అడగడానికి నామోషీ అయింది.

"అవ్వా, జర లేచి నాలుగడుగులు నడువు."

"నడువొస్తే గీడిదాక ఎందుకు తోల్కొస్తివిరా?"

"ఊకెనే, జర."

"ఊకెనే నడువుడేందిరా? ఏమైంది నీకు?"

"సరే, నడువకు. గా దుప్పటి తియ్యి."

"ఎందుకు?"

ఇక తప్పలేదు. "ఏ కాలవ్వా?" అన్నాను.

మిగతా ఐదు మంచాల మీది తలలూ నావైపు తిరిగాయి. అవ్వ నా ముఖంలోకి చూసింది. "పద్నాలుగు గీతలు గీసినవు గదరా," అంది మెల్లగా.

"అండ్ల ఇది లేకుండె."

నాకు నిలబడ్డచోటనే ఏడుపొచ్చింది. రెండు నెలలు ఆ మోకాలి ధర గురించే ఆలోచించాను. ఒక్క రోజైనా ఆ మోకాలి మీద చెయ్యి వేయలేదు. ఏది నొస్తోందో నిర్మల్ డాక్టరుకు తెలుసు, సుగుణకు తెలుసు, బస్సు కండక్టరుకు కూడా తెలిసే ఉంటుంది. కన్న కొడుకునై ఉండీ నాకు తెలియదు.

"సిగ్గుపడుడు తర్వాత. కుడిది. గా కాయితాలు సదువు," అంది అవ్వ.

మూడు ఉత్తరాలూ, ఈసారి వెనక పేజీలతో సహా, చదివి వినిపించాను. అవ్వ అంతా విని తల ఊపింది.

"వెయ్యి బీడీలు చుడితే కార్ఖానోళ్లు మనకు కూలి ఇస్తరు. ఆకు వాళ్లది, తంబాకు వాళ్లది, దారం వాళ్లది. గదే వెయ్యి బీడీలు దుకాణంల కొనవోతె ధర అలగ్ ఉంటది. కూలిని, ధరను పక్కపక్కన రాసి, కూలి అగ్గువున్నదని సున్నా చుడ్తవారా? గీ దవాఖానోళ్లు చెప్పింది చుట్టుడు కూలి. గా లచ్చ అన్నోళ్లు ఆకు, తంబాకు, దారం, కట్ట, అన్ని కలిపి చెప్పిండ్రు."

ఆరు సందేహాల్లో ఐదు అక్కడికక్కడే తీరిపోయాయి. "మరి రూము పెద్దదయితే డాక్టరు ఫీజు ఎందుకు పెరుగుతదవ్వా?" అన్నాను.

"గది నాకు గూడ సమజ్ గాలే. గా మూడో దవాఖానకు పోదాం పా. మోకాలు సూస్తమన్నది వాళ్లొక్కలే."

మొదటి ఆసుపత్రివాళ్లు ఒకరోజు మంచం కిరాయి పట్టుకుని మిగతా డబ్బు మర్యాదగా తిరిగి ఇచ్చారు. మూడో ఆసుపత్రిలో ఒక పెద్ద వయసు డాక్టరు. ఆయన అవ్వ రెండు మోకాళ్లూ వంచి చూశాడు, నడిపించి చూశాడు, ఎక్స్‌రే తీయించాడు, షుగరు లేదని తేల్చుకున్నాడు. ఏం పనిచేసేదానివని అడిగాడు. అప్పుడు ధర చెప్పాడు. ఎనభై ఎనిమిది వేలు. కీలుకెంత, గదికెంత, తన ఫీజెంత, తర్వాత నడక నేర్పేవాళ్లకెంత, విడివిడిగా అవ్వకే చెప్పాడు. షుగరు ఉంటే రోజులు పెరిగి ఖర్చూ పెరిగేదన్నాడు.

"అయితే ఒకటమ్మా, ఇగ కింద కూసొని బీడీలు చుట్టొద్దు. కుర్చీల కూసోవాలె."

"కూసుంట సార్. నడువనియ్యి చాలు."

నేను ఊరుకోవచ్చు కదా. "సార్, లాస్ట్ రేటు చెప్పున్రి," అన్నాను. అవ్వ బల్ల కింద నుంచి నా తొడ మీద గిల్లింది. ఆ వేళ్లకేమీ కాలేదని ముందే చెప్పాను.

తక్కువపడిన డబ్బు కోసం సేటుకు ఫోన్ చేశాను. ఆయన జీతం మీద అడ్వాన్సు పంపిస్తానని చెప్పి, "మూడు కొటేషన్లు తీసుకున్నవు గదా?" అన్నాడు.

"తీసుకున్న సేట్."

"అగ్గువదే పట్టినవు గదా?"

లైను సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు వచ్చి కుడి మోకాలి మీద ఊదారంగు పెన్నుతో బాణం గుర్తు వేసింది. అవ్వకు అది చాలలేదు. నన్ను దగ్గరికి పిలిచి, ఎడమ మోకాలు ముందుకు చాపింది.

"దీని మీద 'ఇది కాదు' అని రాయి."

"ఆమె గుర్తు పెట్టింది గదవ్వా."

"నువ్వు రాయి. పెద్దగ రాయి. కింద దస్కత్ పెట్టు. రేపు ఎవలు జెప్పిండ్రంటే పేరుండాలె."

రాశాను. అవ్వకు అక్షరాలు రావు. అందుకని నర్సుతో చదివించుకుని, "వీడు రాసింది సరిగ్గనే ఉన్నదా?" అని ఇంకోసారి అడిగి, అప్పుడు లోపలికి వెళ్లింది. మూడు గంటలు వరండాలో అటూ ఇటూ తిరిగాను. నా జీవితంలో అంత భయపడింది లేదు. డాక్టరు బయటికి వచ్చి నా భుజం తట్టాడు.

"మంచిగైంది. లోపల అందరం మీ ఆర్డరు సదువుకున్నం."

ఆ పెన్ను సిరా సామాన్యమైనది కాదు. పది రోజుల తర్వాత భైంసాకు తిరిగి వచ్చినా పోలేదు. కొత్త మోకాలు చూడడానికి వచ్చిన వాళ్లందరికీ అవ్వ ముందు పాత మోకాలు చూపించి, "రాజేశం" అన్న నా సంతకం చదివించి, కథ మొదలుపెట్టేది. మూడో నెలలో ఒక సాయంత్రం ఎవరి భుజమూ పట్టుకోకుండా కార్ఖానా దాకా నడిచి వెళ్లింది. పడిపోతుందేమోనని ఇరవై అడుగుల వెనక నేను నడిచాను. అవ్వ కార్ఖానా గుమ్మం ఎక్కుతుంటే నా కళ్లు నిండాయి. లోపలి నుంచి యాభై మంది ఆడవాళ్ల నవ్వు వినబడేసరికి ఆరిపోయాయి. ఆ మర్నాటి నుంచి మా వాడలో నా పేరు "ఏ కాలు రాజేశం".

కాబట్టి ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ప్రాణమున్న ఏ అవయవానికీ నేను కొటేషన్లు పిలువను. విధిలేక పిలువవలసి వస్తే ముందు ఆ మనిషి పక్కన, ఎదురుగా కాదు పక్కన, కూర్చుంటాను. ఎక్కడ నొస్తుందని అడిగి, అక్కడ చెయ్యి పెట్టి చూసి, మొదటి గడిలో అదే రాస్తాను. ఆ తర్వాతే ధర అడుగుతాను. ఇది నా ఇష్టపూర్వకంగా రాసి ఇచ్చినది. ఈసారి మాత్రం కాగితం మీదే రాసి ఇస్తున్నాను.