అరగంటమ్మ

ఇరవై ఏళ్లకు పైగా ఆవిడ కరెంటాఫీసు ఫిర్యాదుల విభాగంలో ఫోనెత్తే పని చేసింది. చెవులకు హెడ్‌ఫోను, ఎదురుగా గోడ, గోడ మీద ఏ వీధిలో ఏ ట్రాన్స్‌ఫార్మరుందో చూపే పటం. అవతలివాళ్లు ఎంత కస్సుమన్నా ఇవతలి నుంచి వెళ్లే జవాబు ఒక్కటే: "అరగంటలో వచ్చేస్తుందండీ." ఎప్పుడొస్తుందో ఆవిడకూ తెలియదు, స్తంభమెక్కిన లైన్‌మన్‌కూ తెలియదు. ఆ లైన్‌మన్ చాలాసార్లు ఆవిడ మొగుడే. నువ్వు హాయిగా కూర్చుని అరగంట అనేస్తావు, ఇక్కడ జనం నా నిచ్చెన పట్టుకుని ఊపేస్తారని ఇంటికొచ్చి సణిగేవాడు.

ఆ పని మీద మనసు విరిగింది తిట్ల వల్ల కాదు. తిట్లు ఏనాడో ఒంటికి తగలడం మానేశాయి. మధ్యాహ్నం పూట, కరెంటు ఉండగానే, కొందరు పెద్దవాళ్లు ఫోను చేసేవారు. బల్బు వణుకుతోందనో మీటరు గుర్రుమంటోందనో మొదలుపెట్టి, మోకాళ్ల నొప్పుల మీదుగా కూతురి కాపురం దాకా వెళ్లేవారు. అలాంటి వాటిని ఉత్తుత్తి ఫిర్యాదు కింద జమకట్టి వెంటనే ఫోను పెట్టేయాలని రూలు. ఆవిడ పెట్టేసేది. పెట్టేశాక ఆ గొంతు సాయంత్రం దాకా చెవిలోనే ఉండిపోయేది.

చివరికి, పెద్దవయసువాళ్ల మానసిక ఆరోగ్యం చూసే ఒక కేంద్రంలో సాయంత్రం శిక్షణకు చేరింది. మందుల సంగతి అక్కడి డాక్టరమ్మ చూసుకుంటుంది. శిక్షణ అయినవాళ్లు ఇళ్లకు వెళ్లి, పక్కన కూర్చుని, మాట్లాడించి, మనిషి ఎలా ఉన్నదీ కనిపెట్టి రావాలి. శిక్షణ అయ్యాక, ఆఫీసుకు సెలవు పెట్టి ఆ పనిలో దిగింది. మొగుడు వద్దనలేదు. అలాగని ఊరుకోనూ లేదు. పై అధికారిని బతిమాలి ఆవిడ సీటు నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపించాడు. కుదరకపోతే తిరిగొచ్చి కూర్చుందువుగానిలే, ఆ గోడ ఎక్కడికీ పోదు అన్నాడు.

మొదట అప్పగించిన ఇంట్లో ఒక రిటైరయిన సర్వేయరు ఉండేవాడు. భార్య పోయినప్పటి నుంచి ఆయన నోటికి తాళం వేసుకున్నాడు. కూతురు తన దగ్గరికి తెచ్చుకుంది. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కాతో, కొలిచి నిలబెట్టినట్టు నిటారుగా కుర్చీలో కూర్చునేవాడు. ఈవిడ శిక్షణలో నేర్పిన ప్రశ్నలన్నీ ఒద్దికగా అడిగేది. ఆయన "ఊ" అనేవాడు. ఊ అనకపోతే కిటికీ వైపు తిరిగేవాడు. అలా కొన్ని వారాలు గడిచాయి.

ఒకరోజు కూతురు గుమ్మంలోనే ఆపింది.

"మీరు మంచివాళ్లే అక్కా. కానీ మీరొచ్చిన రోజు నాన్న ఇంకా ముడుచుకుపోతున్నారు. ఇవాళ కూడా ఇంతే అయితే ఇక మానేద్దాం."

ఈవిడ తలూపి లోపలికి వెళ్లింది. మొదటి ఇల్లే చేజారితే రెండో ఇల్లు ఎవరిస్తారు? నెలాఖరు దగ్గర పడుతోంది. హెడ్‌ఫోను ఇప్పుడే చెవులకు బిగుసుకున్నట్టనిపించింది.

కాసేపటికి ఆయన తనంతట తానే గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. గుండె పరీక్షలన్నీ డాక్టరమ్మ ముందే చేయించింది, అందులో లోపం లేదు.

"ఇక్కడ బరువమ్మా. ఎప్పుడు దిగుతుందిది?"

ఆ ఇంట్లో ఈవిడ విన్న మొదటి పూర్తి మాట అది. దానికి ఈవిడ నోట్లోంచి, మనసును అడక్కుండానే, జవాబు జారిపోయింది.

"అరగంటలో దిగిపోతుందండీ."

నాలుక కరుచుకునేలోపే ఆయన గోడ గడియారం వైపు చూశాడు. జన్మంతా కొలతలను నమ్ముకున్న మనిషి. ఈవిడ మాట మార్చబోతే వేలెత్తి ఆపాడు. ఇద్దరూ గడియారాన్ని చూస్తూ కూర్చున్నారు. కూతురు టీ తెచ్చి, ఈ వింత చూసి, ట్రేతో అలాగే వెనక్కి వెళ్లిపోయింది. ఈవిడ లేచి వెళ్లిపోదామనుకుంది గానీ, ఫోనైతే పెట్టేయొచ్చు, మనిషిని ఎలా పెట్టేస్తాం?

"అయింది," అన్నాడాయన. "దిగలేదు."

ఇక దాచి లాభం లేదనుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. తను కరెంటాఫీసులో ఫోనెత్తేదాన్నని, అరగంట అనడం అక్కడ అబ్బిన జబ్బని, ఇందాకటిది అలవాటులో వచ్చేసిందే తప్ప తెలిసి చెప్పింది కాదని. ఆయన తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడిపించానే అని ఈవిడ హడలిపోయింది. తీరా చూస్తే నవ్వు.

"ఆ అరగంట మీదేనా!" అన్నాడు. "కరెంటు పోతే మా ఆవిడే ఫోను చేసేది. ఎవరెత్తినా తనకు అరగంటమ్మే. అరగంటమ్మ చెప్పిందండీ, ఇక తెల్లారిందాకా రాదు, పడుకోండి అని కొవ్వొత్తి ఆర్పేసేది."

నవ్వు నవ్వుగానే ఏడుపులోకి దిగింది. ఈవిడ ఓదార్చలేదు, కుర్చీ మాత్రం దగ్గరికి జరుపుకుంది. "మా ఆవిడ" అన్న మాట తండ్రి నోట ఇన్నాళ్లకు విని, కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. చాలాసేపటికి ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు నిజం చెప్పు. ఎప్పుడు దిగుతుంది?"

"తెలియదండీ బాబాయ్‌గారూ. మెల్లగా తేలికవుతుందని డాక్టరమ్మ అంటారు. ఎన్నాళ్లకో నాకు తెలియదు. వచ్చే వారం మాత్రం వస్తాను."

తెలియదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ ఒక్క మాట అనే వీలు ఆవిడకు లేకపోయింది. అనగానే, బిగుతు చెప్పులు విడిచి చల్లటి గచ్చు మీద పాదం మోపినట్టయింది.

డాక్టరమ్మకు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. గడువులు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పానని డాక్టరమ్మ గట్టిగానే చీవాట్లు పెట్టింది. చీవాట్లయ్యాక, రెండో ఇంటి చిరునామా చేతిలో పెట్టింది.

రాత్రి భోజనాల దగ్గర మొగుడు అటు తిరిగీ ఇటు తిరిగీ సీటు సంగతెత్తాడు.

"ఇచ్చేయమను," అంది.

అతను ముద్ద నమిలి మింగి, "కొత్తగా వచ్చేవాళ్లను గంట అని చెప్పమంటాను," అన్నాడు.

తర్వాతి వారం ఆవిడ వెళ్లేసరికి సర్వేయరుగారు వరండాలో ఉన్నాడు. చొక్కా పై బొత్తాం పెట్టుకోలేదు. పక్కన రెండో కుర్చీ వేసి ఉంది. ఆవిడ కూర్చునేదాకా కూడా ఆగలేదు.

"మా ఆవిడ మొండితనం నీకు చెప్పలేదు కదూ. ఊరందరి స్థలాలూ కొలిచినవాణ్ని నేను. మా ఇంటికి తలుపెక్కడుండాలో మాత్రం తనే చెప్పాలి. మూడుసార్లు గోడ పగలగొట్టించింది."

"రెండుసార్లే నాన్నా," అంది కూతురు లోపల్నుంచి.

"నువ్వు పుట్టకముందొకటి," అని ఆయన ఆ మొదటి గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.