గిన్నె లేని పరుగు

పిల్లల ఆసుపత్రిలో తల్లిదండ్రులకు సలహాలు చెప్పే ఆవిడను అందరూ ‘గంట మేడమ్’ అనేవారు. గొంతు అలాంటిది. మొదట్లో ఆవిడ చీటీలు రాసే బల్ల దగ్గర ఉండేది. ఆవిడ ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే వీధిలో టీ తాగుతున్నవాళ్లు కూడా లేచి వచ్చేవారు. అది గమనించిన పెద్ద డాక్టరుగారు శిక్షణ ఇప్పించి, పసిపిల్లల తిండి గురించీ ఆటల గురించీ చెప్పే పనిలో వేశారు. ఆవిడకు పిల్లల్లేరు. కాబట్టి ఆ సలహాలకు ఇంట్లో ఎదురుచెప్పేవాళ్లూ లేకపోయారు.

సోమవారం తిండి పాఠం, గురువారం ఆటల పాఠం. “పిల్లలన్నాక గెంతాలి, పరిగెత్తాలి” అని చెబుతూనే, “ఆ పిల్లాణ్ని కాస్త కూర్చోబెట్టండమ్మా!” అని గద్దించేది.

ఒక సోమవారం ఓ నానమ్మ మూడేళ్ల మనవణ్ని చంకనేసుకుని వచ్చింది.

“వీడు తిండి ముట్టడమ్మా. గిన్నె కనబడితే చాలు, పరుగు లంకించుకుంటాడు. మంచం కింద దూరి, మెట్లెక్కి, పెరడంతా తిప్పుతాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టేసరికి నా తల ప్రాణం తోకకొస్తోంది.”

“వెంటపడకండి. పెట్టడం మీ వంతు, ఎంత తినాలన్నది వాడిష్టం. అందరితోపాటు కూర్చోబెట్టండి. తినకపోతే గిన్నె తీసేయండి. ఆకలేస్తే వాడే అడుగుతాడు.”

“పస్తు పడుకుంటే?”

“బరువు బాగానే ఉన్నాడు కదండీ. ఒక పూటకేం కాదు.”

ఇలా చెబితే విన్న నానమ్మ ఇంతవరకూ లేదు. ఈ నానమ్మ విన్నది. వంటింటి తలుపు చాటున కళ్లొత్తుకుంటూనే గిన్నె తీసేసింది. కొన్నాళ్లకు పిల్లాడు పెద్దవాళ్ల పక్కన కూర్చుని, సగం చొక్కాకు పెట్టి, మిగతా సగం తనే తినసాగాడు. కోడలు వచ్చి మేడమ్ చేతులు పట్టుకుంది. ఆ కథ మేడమ్ ప్రతి పాఠంలోనూ చెప్పింది.

కొన్ని నెలలకు మళ్లీ బరువు చూస్తే, పిల్లాడు ఉండాల్సినదానికంటే బొద్దుగా తేలాడు.

“ఆడుకోవట్లేదా?”

“ఇంకేం ఆటలమ్మా? తింటాడు, టీవీ ముందు చతికిలబడతాడు. వాడికున్న ఆటల్లా నన్ను తిప్పడమే. దాన్ని మీరు మాన్పించారు. నా మోకాళ్లూ బిగుసుకుపోయాయి!”

సోమవారం పాఠం వెళ్లి గురువారం పాఠం కాళ్లు విరగ్గొట్టింది.

“అయితే గిన్నె లేకుండా పరిగెత్తండి.”

“ఊరికే పరిగెత్తడానికి నాకేం పిచ్చా? ఎలాగో మీరే వచ్చి చూపించండి.”

మాట జారాక తప్పుతుందా? సాయంత్రం మేడమ్ వాళ్ల పెరట్లో చెప్పులు విడిచి, “పట్టుకుంటా!” అని అరిచింది. పిల్లాడు అనుమానంగా ఆవిడ చేతులు చూశాడు. వీపు వెనక్కి కూడా తొంగి చూశాడు. గిన్నె లేదని తేలాక కిలకిలా నవ్వుతూ పరుగందుకున్నాడు. ఏళ్ల తరబడి ఊరందరినీ పరిగెత్తమన్న మేడమ్ ఒక్క చుట్టుకే బట్టలుతికే బండమీద కూలబడి రొప్పింది.

నానమ్మ చూడలేకపోయింది. “అలా కాదమ్మా, మలుపులో అడ్డం కొట్టాలి!” అంటూ తనే బరిలోకి దిగింది. చీకటి పడేదాకా నానమ్మా మనవడూ ఆగలేదు.

ఆ తర్వాత మేడమ్ రెండు పాఠాలూ ఒకే రోజున పెట్టింది. ఎందుకని పెద్ద డాక్టరుగారు అడిగితే, “జనానికి రెండుసార్లు రావడం కష్టమవుతోందండీ” అంది గంట మేడమ్, జీవితంలో మొదటిసారి మెల్లగా.