నలుగురి కఫం, ఒక్క పరీక్ష

నా పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి చలికాలంలో, నన్ను కోలారు నుంచి పాత బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌కు డిప్యుటేషన్ మీద వేశారు. హోదా గణాంకాధికారి. గని కార్మికుల పాత లైన్లలో, అంటే వరస ఇళ్ళలో, ఇల్లిల్లూ తిరిగి క్షయ ఉన్నవాళ్ళను గాలించే పని అది. కఫం తెచ్చేది ఆశా కార్యకర్తలు, దాన్ని పరీక్షించే మిషన్ నడిపేది ల్యాబ్ టెక్నీషియన్, మందు రాసేది డాక్టర్లు. కఫం పోసి ఆ మిషన్‌లో పెట్టే కార్ట్రిడ్జ్‌లు ఉన్నవాటిని ఎవరి మీద ఎలా వాడాలో తేల్చేది నేను. ఒక కార్ట్రిడ్జ్ ఒక్క పరీక్షకే పనికొస్తుంది, వాటికి ఎప్పుడూ కరువే.

మా విద్య గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. పరీక్ష విలువను మేము అది తీర్చే సందేహంతో కొలుస్తాం. బొమ్మా బొరుసా అన్నంత సందేహం తీరితే దానికి ఒక బిట్ అని పేరు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న ఎంత ఖరీదైన మిషన్‌తో అడిగినా బిట్లు రాలవు. ఇంటింటి గాలింపులో దాదాపు అందరికీ ‘లేదు’ అనే వస్తుంది. మనిషికొక కార్ట్రిడ్జ్ అంటే తెలిసిందే మళ్ళీ మళ్ళీ అడగడం. పోనీ దగ్గేవాళ్ళకే చేద్దామంటే, ఆ లైన్లలో గని దుమ్ము పీల్చిన ప్రతి పెద్దాయనా దగ్గుతాడు, కాబట్టి దగ్గు మాకేమీ చెప్పదు. అందుకని నలుగురి కఫం కలిపి ఒకే కార్ట్రిడ్జ్‌లో పెట్టేవాళ్ళం. ‘లేదు’ వస్తే నలుగురూ ఒక్క దెబ్బతో బయటపడతారు. ‘ఉంది’ వస్తే ఆ నలుగురికే విడివిడిగా చేస్తాం.

దీనికి నా సొంత తెలివి ఇంకొంచెం కలిపాను. పక్కపక్క ఇళ్ళవాళ్ళనే ఒక గుంపు చేయించాను. క్షయ ఇరుగుపొరుగుకు గాలి ద్వారా అంటుతుంది గనక రోగులు ఎక్కువగా ఒకే గుంపులో పడతారు, మిగతా గుంపులు తేలిపోతాయి, కార్ట్రిడ్జ్‌లు మిగులుతాయి. లెక్కలో తప్పులేదు. జిల్లా మీటింగులో భేష్ అన్నారు, నాకు ఒళ్ళు తెలియలేదు.

ఒక లైనులో నాలుగిళ్ళ గుంపుకు ‘ఉంది’ అని వచ్చింది. ఒక్కొక్కరిచ్చే కఫం కాస్తే, అది మొదటి పరీక్షకే అయిపోయింది. మళ్ళీ అడిగి తేవడానికి మా ఆశా కార్యకర్త సెల్వి ఆ సాయంత్రం నాలుగు డబ్బాలతో సరిగ్గా ఆ నాలుగు గడపలే ఎక్కింది. అది లైన్లో అందరూ చూశారు. ఎవరికి ఉందో మాకింకా తెలియదు, వాళ్ళకు తెలిసిపోయింది. ఆ నలుగురిలో మునెమ్మ అని ఒకామె ఇంటి ముందే ఇడ్లీలు వేసి అమ్మేది. మనిషి బక్కపలచన. అంతకన్నా ఆధారం ఎవరికీ అవసరం పడలేదు.

గొడవగా ఉందని సెల్వి ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఇడ్లీ కుండ పొయ్యి మీద ఉంది, కొనేవాళ్ళు లేరు. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఆడవాళ్ళు ఇటే చూస్తున్నారు. తనకు క్షయ లేదని వాళ్ళకు చెప్పమని మునెమ్మ అడిగింది. ఫలితం రేపు వస్తుంది, అంతవరకూ నలుగురిలో ఎవరైనా కావచ్చు, ఏమీ చెప్పలేనన్నాను. ఉద్యోగరీత్యా అది సరైన జవాబే. ఆమె ప్లేటులో రెండిడ్లీలు పెట్టి, పైన చట్నీ వేసి నా ముందు పట్టుకుంది.

“ఒగటి తినండమ్మా. మీరు తినేది వాళ్ళు చూస్తే సాలు, ఇంగ నేనేమీ చెప్పే పనిలేదు.”

టిఫిన్ చేసే వచ్చానన్నాను. కోలారులో కాఫీ తాగి జీపెక్కినదాన్ని, కడుపు మాడిపోతోంది. తిండి ద్వారా క్షయ రాదని అంతకు ముందు వారమే అదే లైనులో మైకులో చెప్పినదాన్ని. అయినా నలుగురిలో ఒకరన్న లెక్క నా చెయ్యి పట్టుకుంది. భయపడ్డాను, అంతే. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగానే ఉంది.

మునెమ్మ ప్లేటు కింద పెట్టేసింది. కొళాయి దగ్గర ఎవరో అన్నారు: “మేడమే తినలే, సూడు.”

మర్నాడు ఫలితాలు వచ్చాయి. క్షయ ఉన్నది ఆ నాలుగిళ్ళలో చివరింటి రిటైర్డ్ గని కార్మికుడు కృష్ణప్పకు. ఏళ్ళ తరబడి దగ్గుతున్న మనిషి గనక ఆయన్ని ఎవరూ అనుమానించలేదు. మందులు మొదలుపెట్టారు, తర్వాత కోలుకున్నాడు. మునెమ్మకు ఏమీ లేదు. ఆ సంగతి గడపగడపకూ చెప్పమని సెల్విని పంపాను.

వారం తర్వాత మళ్ళీ వెళ్తే ఇంటికి తాళం ఉంది. ఇడ్లీలు మానేసి తెల్లవారుజాము రైల్లో బెంగళూరుకు హౌస్‌కీపింగ్ పనికి పోతోందని సెల్వి చెప్పింది. మనం చెప్పింది ఎవరూ నమ్మలేదా అని అడిగాను. “నమ్మినారు మేడమ్. అయినా ఇడ్లీకి ఎవురూ రాలే,” అంది. సాయంత్రం రైలు దిగేదాకా ఆగితే మునెమ్మను కలవొచ్చు. జీపెక్కి కోలారు వచ్చేశాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. మొదటిసారే రెండు డబ్బాల్లో కఫం తీసుకుని ఒకటి ఫ్రిజ్‌లో ఉంచాం, మళ్ళీ ఎవరి గడపా ఎక్కే పని లేకుండా. గుంపులను వేర్వేరు లైన్ల నుంచి కలిపాం. కార్ట్రిడ్జ్‌లు కొన్ని ఎక్కువ ఖర్చయ్యాయి. మొదటి రోజే తోచాల్సిన మార్పులివి.

పరీక్ష ఎన్ని బిట్లు ఇస్తుందో లెక్కగట్టేటప్పుడు, అవి ఎవరి చెవిన పడతాయో కూడా చూసుకోవాలని నేర్చుకున్నాను. ఆ గుంపు గురించి మిషన్ చెప్పింది అరకొర. మునెమ్మ గురించి ఆ లైనుకు సందేహం లేకుండా జవాబు చెప్పింది నేను. అది తప్పు జవాబు.